ముందు వెనక్కి రావడం నేర్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రికలో వారానికోసారి వచ్చే కంప్యూటర్ పేజీని నేను వదలకుండా చదువుతాను. కిందటి వారం కృత్రిమ మేధతో ఉత్తరాలు రాయించుకోవడం ఎలాగో చాలా బాగా వివరించారు. నేను చదివి ఆ పేజీని మా వియ్యపురాలి చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చివరి దాకా చదివి, పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఇదంతా బాగానే ఉంది గానీ వదినగారూ, ఇందాక లాప్‌టాప్‌లో నేను చదువుతున్న పేజీ ఎటు పోయిందో అది చెప్పండి ముందు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తపాలా శాఖలో ఉత్తరాల సార్టింగ్ చేసి 2013లో రిటైరయ్యాను. కంప్యూటర్ నేర్చుకున్నది ఆ తర్వాతే. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున నా వయసువాళ్లు నలుగురైదుగురు మా ఇంటికి వస్తారు. నాకు తెలిసింది వాళ్లకు చెబుతాను, తెలియనిది మా మనవరాలిని అడిగి మరుసటి వారం చెబుతాను. వాళ్లంతా ఫోన్‌లో వీడియోలు చూస్తారు, ఫొటోలు పంపుతారు, ఫోన్‌లోంచి మనిషి మొహం చూస్తూ మాట్లాడతారు. ఇంటర్నెట్ పేజీలు చూపించే బ్రౌజర్ తెరిచేసరికి మాత్రం చేయి వణుకుతుంది. ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి, అక్కడినుంచి మరో దాంట్లోకి వెళ్లిపోతారు. తిరిగి రావడం తెలియక ఫోన్ పక్కన పెట్టేస్తారు, లేదా స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అందరిదీ ఒకటే భయం, తప్పిపోతామని. వాళ్లకు నేర్పినవాళ్లంతా ఎలా వెళ్లాలో నేర్పారు, ఎలా రావాలో నేర్పలేదు.

నాకు జరిగింది చెబుతాను. 2014లో ఒక దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపుతున్నాను. నాలుగు పేజీలది. మూడో పేజీకి వచ్చేసరికే గంట దాటింది. తేదీ వేయాల్సిన గడిలో ఒక అంకె తప్పు పడితే చెరుపుదామని బ్యాక్‌స్పేస్ కొట్టాను. కర్సర్, అంటే అక్షరం పడే చోట మిణుకుమనే గీత, ఆ గడిలో లేదన్న సంగతి చూసుకోలేదు. కొట్టగానే పేజీ మారిపోయింది. మళ్లీ మొదటినుంచి వెళ్లి చూస్తే గడులన్నీ ఖాళీ. పక్క గదిలోంచి మా అబ్బాయి వచ్చి చూసి, "ఏదో నొక్కి ఉంటావమ్మా" అన్నాడు. వాడు కోపంగా అనలేదు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. నెల రోజులు మళ్లీ ఆ కంప్యూటర్ జోలికి వెళ్లలేదు.

చాలా కాలం తర్వాత తెలిసింది అసలు విషయం. అప్పట్లో చాలా బ్రౌజర్లలో బ్యాక్‌స్పేస్ మీటకు రెండు పనులు ఉండేవి. కర్సర్ గడిలో ఉంటే అక్షరం చెరిపేది, గడి బయట ఉంటే వెనకటి పేజీకి లాక్కుపోయేది. దాంతో జనం నింపుకున్న ఫారాలు పోతున్నాయని 2016లో గూగుల్ వాళ్ల క్రోమ్ అనే బ్రౌజర్‌లో ఆ రెండో పని తీసేశారు. ఆ సంగతి చదివిన రోజు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. నాలాగే ఎంతోమంది ఆ మీట కొట్టారు, నాలాగే పోగొట్టుకున్నారు. లోపం మీటకిచ్చిన పనిలో ఉందని చివరికి దాన్ని తయారుచేసినవాళ్లే ఒప్పుకుని మార్చారు. "ఏదో నొక్కావు" అనే ముందు ఇంట్లో పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇక మా వదినగారి ప్రశ్నకు వస్తాను. బ్రౌజర్‌లో పైన ఎడమవైపు మూలన ఒక బాణం గుర్తు ఉంటుంది, ఎడమ వైపు చూస్తూ. ఒకసారి నొక్కితే ఒక పేజీ వెనక్కి వెళ్తాం. కీబోర్డు మీద అయితే ఆల్ట్ మీట పట్టుకుని ఎడమ బాణం నొక్కాలి. ఈ మాత్రం చాలామంది చెబుతారు. కంప్యూటర్‌లో ఆ బాణాన్ని నొక్కి కాసేపు అలాగే పట్టుకుంటే మనం వచ్చిన దారి అంతా జాబితాగా కిందికి దిగుతుందని ఎంతమంది చెబుతారు? అందులో మనకు కావాల్సిన పేజీ పేరు చూసి నేరుగా అక్కడికే పోవచ్చు. పదిసార్లు టకటకా నొక్కి, కావాల్సిన పేజీ దాటిపోయి, మళ్లీ ముందుకు వచ్చే అవస్థ ఉండదు.

అసలు చిక్కు అది కూడా కాదు. మా వదినగారు బాణం నొక్కారు, ఏమీ జరగలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ బాణం రంగు వెలిసిపోయినట్టు ఉంది. ఆవిడ నొక్కిన లింక్ కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంది. ట్యాబ్‌లంటే ఒకే బ్రౌజర్‌లో పక్కపక్కన తెరిచి ఉంచుకునే పేజీలు. కొత్త ట్యాబ్ అంటే అప్పుడే మొదలైన దారి. దానికి వెనక ఏమీ లేదు కాబట్టి వెనక్కి వెళ్లే బాణానికి పని లేదు. ఆవిడ చదువుతున్న పేజీ ఎక్కడికీ పోలేదు, పక్క ట్యాబ్‌లో అలాగే ఉంది. పైన వరసలో దాని పేరు కూడా కనిపిస్తోంది. నేను వేలు పెట్టి చూపించగానే, "ఇంతసేపూ ఇక్కడే ఉందా!" అని నోరు వెళ్లబెట్టారు. చూడండి, ఎంత చిన్న విషయమో. కానీ ఇది తెలియని మనిషికి అరగంట టెన్షన్. కొన్ని లింకులు అదే ట్యాబ్‌లో తెరుచుకుంటాయి, కొన్ని కొత్త ట్యాబ్‌లో. ఎప్పుడు ఏది జరుగుతుందో ఆ పేజీ తయారుచేసినవాళ్ల ఇష్టం. అందుకని మా ఆదివారం క్లాసులో ఒక అలవాటు చేశాను. లింక్ నొక్కగానే పేజీ చదవకుండా ముందు పైకి చూడాలి, ట్యాబ్ కొత్తదా పాతదా అని. కొత్తదైతే, చదివాక దాని పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే సరి.

కంప్యూటర్‌లో మనమే కావాలని కొత్త ట్యాబ్‌లో తెరవాలంటే కంట్రోల్ మీట పట్టుకుని లింక్ నొక్కాలి. ఫోన్‌లో అయితే లింక్ మీద వేలు కాసేపు ఉంచితే అడుగుతుంది. నేను వార్తలు చదివేటప్పుడు ఇలాగే చేస్తాను. చదువుతున్నది చెదరదు, తర్వాత చదవాల్సింది పక్కన సిద్ధంగా ఉంటుంది.

డబ్బు కట్టే పేజీలో మాత్రం వెనక్కి బాణం జోలికి పోవద్దని వాళ్లకు గట్టిగా చెబుతాను. చక్రం తిరుగుతుంటే తిరగనివ్వాలి. ఫారం మళ్లీ పంపమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి. పంపమంటే ఒక్కోసారి అదే పని రెండుసార్లు జరిగే ప్రమాదం ఉంది. డబ్బు వెళ్లిందో లేదో ముందు ఖాతాలో చూసుకోవాలి, ఆ తర్వాతే మళ్లీ కట్టే మాట.

తర్వాతి పాఠం చిరునామా. ఇది నా సొంత వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను, విసుక్కోకండి.

సార్టింగ్‌లో ఉత్తరం చేతికి రాగానే మేం పేరు చూడం. చూపు నేరుగా కింది వరసకే పోతుంది. ఊరు, జిల్లా అక్కడ ఉంటాయి. ముందు ఏ సంచిలో పడాలో తేలాలి. వీధి పేరు, ఇంటి నంబరు పోస్ట్‌మ్యాన్ చూసుకుంటాడు. పైనుంచి చదివేవాడు సార్టింగ్‌కు పనికిరాడు. ఇంటర్నెట్ చిరునామా కూడా అంతే, చివరినుంచి చదవాలి. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం మోసాలు మన దగ్గరికి రావు.

ఎలాగంటే, బ్రౌజర్‌లో పైన పొడవాటి పెట్టె ఉంటుంది, అదే అడ్రస్ బార్. అందులో మొదట హెచ్‌టీటీపీఎస్, ఒక కోలన్, రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. కొన్ని బ్రౌజర్లు ఈ ముక్కను దాచేస్తాయి, పెట్టెలో నొక్కితే బయటికి వస్తుంది. ఆ రెండు గీతల తర్వాతినుంచి, మళ్లీ ఒక గీత వచ్చేదాకా ఉన్నదే సైటు పేరు. ఆ ముక్కను కుడి చివరినుంచి వెనక్కి చదవండి. ఉదాహరణకు ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే పేరు తీసుకుందాం. దీన్ని ఇలా పాఠాలు చెప్పుకోవడానికే ప్రత్యేకంగా కేటాయించి ఉంచారు, దాని గురించిన పత్రం 1999లో వచ్చింది. "లాగిన్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్" అని ఉంటే, చివర కామ్, దాని ముందు ఎగ్జాంపుల్. అంటే ఇది ఎగ్జాంపుల్ వాళ్ల ఇల్లే, లాగిన్ అనేది అందులో ఒక గది. అదే "ఎగ్జాంపుల్ డాట్ కామ్ డాట్ లాగిన్ డాట్ ఇంకేదో డాట్ నెట్" అని ఉంటే? ఎడమనుంచి చదివినవాళ్లకు ఎగ్జాంపుల్ డాట్ కామ్ కనిపించి ధైర్యం వస్తుంది. చివరినుంచి చదివితే ఇల్లు "ఇంకేదో డాట్ నెట్" వాళ్లది. తెలిసిన పేరును వాకిట్లో బోర్డుగా తగిలించుకున్నారంతే. చివర "కో డాట్ ఇన్", "కో డాట్ యూకే" లాంటి జంట ముక్కలుంటే ఎడమవైపు ఇంకో ముక్క కూడా కలిపి చదవాలి.

ఫోన్‌లో ఈ పెట్టె చిన్నది. పొడవాటి చిరునామా మొత్తం కనిపించదు. అనుమానం వస్తే పెట్టెను నొక్కి, వేలితో పక్కకు జరిపి ఆ మొదటి ఒంటి గీత దాకా చూడాలి. లింక్ నొక్కకముందే అది ఎక్కడికి పోతుందో కూడా తెలుసుకోవచ్చు. కంప్యూటర్‌లో మౌస్ బాణాన్ని లింక్ మీద ఊరికే ఉంచితే కింద ఎడమ మూలన చిరునామా కనిపిస్తుంది. ఫోన్‌లో వేలు నొక్కి పట్టుకుంటే కనిపిస్తుంది. కవరు చింపకుండా పై అడ్రస్ చదివినట్టు అన్నమాట.

ఆ రెండు ఏటవాలు గీతల గురించి ఒక్క మాట. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో తన ఆలోచనను కాగితం మీద పెట్టి, 1990లో మొదటి బ్రౌజర్ తనే రాశారు. ఆ గీతలు నిజానికి అవసరం లేదని 2009లో ఆయనే అన్నారు. ఈ సంగతి చెప్పగానే మా క్లాసులో ఒకావిడ, "అయితే నాకు అర్థం కానివన్నీ నా తెలివితక్కువ వల్లే కాదన్నమాట" అన్నారు. కాదు మరి. ఆ మాట ఆవిడ నోట విన్నందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది.

అడ్రస్ బార్‌లో కనిపించే తాళం బొమ్మ గురించి కూడా తప్పు పాఠం ఊరంతా తిరుగుతోంది. తాళం ఉంటే నమ్మొచ్చు, లేకపోతే నమ్మొద్దు అని. హెచ్‌టీటీపీఎస్ లేని పేజీలో పాస్‌వర్డ్ రాయకూడదన్నది నిజమే. కానీ తాళం ఉందంటే, హెచ్‌టీటీపీఎస్‌లో చివరి ఎస్ ఉందంటే, కవరు అంటించి ఉందని మాత్రమే అర్థం. మన దగ్గరినుంచి ఆ సైటు దాకా దారిలో ఎవరూ విప్పి చదవలేరు. ఉత్తరం అందుకునేవాడు మంచివాడో కాదో కవరు చెప్పదు కదా. దొంగ కూడా కవరు అంటించే పంపుతాడు. జనం ఇలా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్‌లో ఆ తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టారు. మీ పేజీలో ఎప్పుడైనా "తాళం చూసి నమ్మండి" అన్న సలహా రాబోతే, దయచేసి దాన్ని సరిచేయండి.

చిరునామా తెలిసినప్పుడు దాన్ని అడ్రస్ బార్‌లోనే పూర్తిగా రాయాలి. మావాళ్లు చాలామంది సైటు పేరును వెతుకులాట పెట్టెలో కొట్టి, మొదట ఏది కనిపిస్తే అది నొక్కేస్తారు. ఆ మొదటిది ఒక్కోసారి డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన అయి ఉంటుంది. పక్కనో పైనో "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలతో ఉంటుంది. ఫోన్ నంబర్ల కోసం వెతికేటప్పుడు ఇది మరీ ప్రమాదం. ఒకసారి సరైన సైటుకు చేరాక నక్షత్రం గుర్తు నొక్కి బుక్‌మార్క్ చేసుకుంటే, అంటే ఆ చిరునామాను దాచిపెట్టుకుంటే, ఈ గొడవే ఉండదు. మా క్లాసుకు కొత్తగా వచ్చినవాళ్ల చేత మొదటి రోజే బ్యాంకు సైటు చిరునామాను పాస్‌బుక్‌లోనో కార్డు వెనకో చూసి, అక్షరం అక్షరం కొట్టించి బుక్‌మార్క్ చేయిస్తాను.

ఇప్పుడు ట్యాబ్‌ల సంగతి. ఒకరోజు మా వదినగారు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఇక్కడ పెట్టెలో అంకె ఉండేది. రోజూ పెరుగుతూ ఉండేది. ఎంత పెరిగితే ఏమవుతుందోనని భయపడుతూనే ఉన్నాను. ఈ రోజు అంకె పోయి ఇది వచ్చింది" అన్నారు. చూస్తే క్రోమ్‌లో పైన ఉండే చిన్న చదరం. అందులో నిలువుగా రెండు చుక్కలు, పక్కన ఇంగ్లిష్ డి అక్షరం. ఫోన్ కాస్త పక్కకు తిప్పి చూపించాను, నవ్వు మొహం. తెరిచిన ట్యాబ్‌లు తొంభై తొమ్మిది దాటితే అంకె బదులు ఆ నవ్వు మొహం వస్తుంది. ఆవిడ ఒక్క ట్యాబ్ కూడా ఎప్పుడూ మూయలేదు. మూయొచ్చని ఎవరూ చెప్పలేదు. హోమ్ బటన్ నొక్కి బయటికి వచ్చేస్తే అన్నీ వాటంతటవే మూసుకుపోతాయనుకున్నారు.

ఆ చదరం నొక్కితే పేజీలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా వచ్చాయి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చూశాం. మనవరాలు పుట్టినప్పుడు పేరు కోసం వెతికిన పేజీ ఉంది. ఆ అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు, పేజీ పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి ఎలా వచ్చిందో మరి. మోకాళ్ల నొప్పి గురించి పదకొండు పేజీలు ఉన్నాయి, అందులో ఆరు ఒకటే. పక్కకు తోసేస్తే మూసుకుపోతుందని చెప్పాను. మొదటిది తోయడానికి ఆవిడ చేయి రాలేదు. "పోతే మళ్లీ దొరకదేమో" అన్నారు. అప్పుడు మూలనున్న మూడు చుక్కలు నొక్కించి హిస్టరీ చూపించాను. చూసిన పేజీల పేర్లన్నీ తేదీలవారీగా అందులో ఉంటాయి. క్రోమ్‌లో అది ఉంచేది దాదాపు మూడు నెలలదే కాబట్టి, నిజంగా కావాల్సిన నాలుగు పేజీలకు నక్షత్రం పెట్టించాను. ఆ తర్వాత ఆవిడ చేయి ఆగలేదు. మిగిలినవన్నీ తోసేసి, పేరు పేజీ మాత్రం ఉంచుకున్నారు. అది ఉండనివ్వమన్నారు, ఉండనిచ్చాం.

కంప్యూటర్‌లో పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని టి నొక్కండి. మూసిన ట్యాబ్ తిరిగి వస్తుంది. మళ్లీ నొక్కితే అంతకుముందు మూసింది. నాకు తెలిసిన మీటలన్నింటిలో నేను ఎక్కువగా మెచ్చుకునేది ఇదే. పొరపాటు దిద్దుకోవచ్చని తెలిసినవాళ్లు ధైర్యంగా నేర్చుకుంటారు. అందుకే కొత్త ట్యాబ్ తెరవడం కంటే ముందు ఇది నేర్పుతాను.

వెతకడం గురించి చెప్పి తీరాలి. మా క్లాసుకు వచ్చే ఒక పెద్దాయన, ఒక పొడవాటి జాబితాలో తన పేరుందో లేదో చూసుకోవడానికి కూర్చున్నారు. వేలితో పైకి జరుపుతూ, ఒక్కో వరసా చదువుతూ, పెదవులు కదుపుతూ ఉన్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మధ్యలో చేయి తగిలి పేజీ మళ్లీ మొదటికి వెళ్లిపోయింది. ఆయన ఏమీ అనకుండా మళ్లీ మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టారు. అది చూసి నా మనసు చివుక్కుమంది. వెళ్లి కంట్రోల్ పట్టుకుని ఎఫ్ నొక్కమన్నాను. మూలన చిన్న పెట్టె వచ్చింది. అందులో పేరు కొట్టమన్నాను. కొట్టగానే "మూడులో ఒకటి" అన్నట్టు అంకెలు పడి, జాబితా దానంతటదే జరిగి, ఆయన పేరు రంగు పూసుకుని నిలబడింది. ఆయన కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. తర్వాత తన స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే కొట్టి చూశారు.

ఫోన్‌లో ఇదే పని మూడు చుక్కల్లో "ఫైండ్ ఇన్ పేజ్" అని ఉంటుంది. తెలుగులో కూడా పనిచేస్తుంది. అయితే మన పేర్లను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. శ్రీనివాస్ అని రాశారో, శ్రీనివాసరావు అని రాశారో, శ్రీనివాసులు అని రాశారో మనకు తెలియదు. "శ్రీనివా" దాకా కొడితే అన్నీ దొరుకుతాయి. కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన జాబితా అయితే మాత్రం దొరక్కపోవచ్చు. మనకు అక్షరాల్లా కనిపించేది దానికి ఒట్టి బొమ్మ. ఇది చెప్పకపోతే, దొరకలేదంటే తమ పేరు లేదని అనుకుని లేచిపోతారు.

అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కాలి. మరీ పెద్దవైపోతే మైనస్, మామూలుగా కావాలంటే సున్నా. కళ్లజోడు మార్పించుకోవాలేమోనని అనుకుంటున్నవాళ్లకు ముందు ఇది చెప్పండి. పేజీ సగం వచ్చి ఆగిపోతే గుండ్రంగా తిరిగిన బాణం నొక్కాలి. 404 అని వస్తే మన ఫోన్ పాడవలేదు, ఆ చిరునామాలో ఆ పేజీ లేదని అర్థం. మా భాషలో చెప్పాలంటే, "ఈ చిరునామాలో లేరు" అని రాసి ఉత్తరం తిరిగొచ్చింది.

ఇంకో భయం ఉంది, దీని మీద మీరు విడిగా ఒక వ్యాసం వేయాలి. పేజీ చదువుతుండగా స్క్రీన్ అంతా ఎర్రగా మారి, మీ ఫోన్‌లో ఇన్ని వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వస్తుంది. మా క్లాసులో ఇద్దరికి వచ్చింది. ఇద్దరూ ఆ రాత్రి నిద్రపోలేదు. అది కూడా మామూలు వెబ్ పేజీయే. ఒక వెబ్ పేజీ మన ఫోన్ లోపలికి దూరి వైరస్‌లు లెక్కపెట్టి చెప్పలేదు. అందులో ఏ బటనూ నొక్కకుండా, ఆ నంబరుకు ఫోన్ చేయకుండా, ఆ ట్యాబ్ మూసేయాలి. మూసుకోకపోతే బ్రౌజర్ మొత్తం మూసేయాలి.

కొన్నిసార్లు ఆ హెచ్చరికలు బ్రౌజర్ మూసేశాక కూడా వస్తూనే ఉంటాయి. ఎప్పుడో ఏదో సైటు "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే "అలౌ" నొక్కి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లలోకి వెళ్లి ఆ సైటు అనుమతి తీసేస్తే ఆగిపోతాయి. సైటు అడిగిన ప్రతిదానికీ సరేననక్కర్లేదు, "బ్లాక్" అన్నా చాలావరకు ఆ పేజీ చదువుకోవచ్చు. పెద్దవాళ్లకు ఇది చెప్పాలి, ఎందుకంటే మర్యాదస్తులు ఎవరు అడిగినా కాదనలేరు.

ఇన్‌కాగ్నిటో అని బ్రౌజర్‌లో విడిగా తెరుచుకునే కిటికీ ఒకటి ఉంది, దాని గురించి కుర్రవాళ్లు ఏవేవో చెబుతుంటారు. అది మూసేశాక మనం చూసినవి ఆ ఫోన్‌లో, ఆ కంప్యూటర్‌లో హిస్టరీగా మిగలవు, అంతే. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు, ఆఫీసు నెట్‌వర్క్‌కు, మనం చూసిన సైటుకు మనం కనిపిస్తూనే ఉంటాం. వేరేవాళ్ల కంప్యూటర్‌లో మెయిల్ చూసుకోవాల్సి వస్తే మాత్రం అది బాగా పనికొస్తుంది.

నేర్పేవాళ్లకు ఒక విన్నపం. మా మనవరాలు నాకు నేర్పేటప్పుడు మొదట్లో మౌస్ తన చేతిలోకి తీసుకునేది. "ఇలా, ఇలా, ఇదిగో వచ్చేసింది అమ్మమ్మా" అనేది. వచ్చేసేది నిజమే, నాకు మాత్రం ఏమీ రాలేదు. ఒకరోజు, "నీ చేతులు వెనక్కి కట్టుకుని చెప్పమ్మా" అన్నాను. పాపం నిజంగానే చేతులు వెనక్కి పెట్టుకుని చెప్పింది. నేను పైకి వెళ్లాల్సిన చోట కిందికి వెళ్తుంటే దాని భుజాలు కదిలిపోయేవి, కానీ చేయి రాలేదు. ఆ రోజు నేర్చుకున్నది నేను ఇంతవరకు మర్చిపోలేదు. అప్పుడే వచ్చింది నాకు ఆ అలవాటు. మా క్లాసులో ఎవరి మౌస్‌నీ, ఎవరి ఫోన్‌నీ నేను ముట్టుకోను. మా వదినగారి ఫోన్ పక్కకు తిప్పడం ఒక్కటే మినహాయింపు.

సంపాదకుల వారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. కొత్త యాప్‌ల గురించి, కొత్త ఫోన్ల గురించి రాయండి, అవీ కావాలి. వాటి పక్కన ప్రతి వారం ఒక చిన్న గడి వీటికి ఇవ్వండి. మొదటి వారం బ్రౌజర్ పై భాగం బొమ్మ ఒక్కటి వేయండి చాలు, పేజీ వెడల్పంతా. వెనక్కి బాణం, ముందుకి బాణం, గుండ్రటి బాణం, అడ్రస్ బార్, నక్షత్రం, ట్యాబ్‌లు, మూడు చుక్కలు. ఒక్కోదానికి గీత గీసి, పేరు తెలుగు లిపిలో రాయండి. ట్యాబ్‌ను ట్యాబ్ అనే రాయండి, కొత్త తెలుగు మాట కల్పించొద్దు, ఇంట్లో పిల్లలు ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు కాగితం మీద ఉంటే వాళ్లను అడగడం తేలిక. కంప్యూటర్‌ది ఒకటి, ఫోన్‌ది ఒకటి, రెండు బొమ్మలు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. కత్తిరించి కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకుంటాం కాబట్టి, ఆ బొమ్మ వెనక పేజీలో చదవాల్సిన వార్త లేకుండా చూడండి.

ఇట్లు,
తపాలా శాఖలో సార్టింగ్ చేసి రిటైరైన
మీ పాఠకురాలు